అమ్మానాన్నలతో బ్యాంకాక్: ఏ పండుగకి వెళ్ళాలి, ఏవి చూడాలి, ఎక్కడ తేడా కొడుతుంది

మీరు అడిగింది ఇదీ: అరవై దాటిన అమ్మానాన్నలతో అయిదు రోజులు బ్యాంకాక్ వెళ్ళాలి, ఏదో ఒక పెద్ద పండుగ కలిసిరావాలి, నాన్నగారు గుడ్డు కూడా ముట్టరు, అమ్మగారికి మోకాళ్ళ నొప్పి. ఏ నెలలో వెళ్ళాలి, ఏవి చూడాలి, ఏం జాగ్రత్తలు తీసుకోవాలి?

కార్తీక పున్నమికి వెళ్ళండి. అందరూ సోంగ్‌క్రాన్ అంటారు, అంటే ఏప్రిల్‌లో నీళ్ళు చల్లుకునే పండుగ. ఫొటోల్లో అది చాలా బాగుంటుంది కానీ, మీ ముగ్గురికీ అది సరిపడదు. ఎందుకో తర్వాత చెప్తాను.

ముందు క్యాలెండర్ సంగతి చూద్దాం. థాయ్ పండుగల్లో ముఖ్యమైనవి చాలావరకు పున్నములే. పేర్లు వింటే మనకే తెలిసిపోతాయి. మాఖ బూచా అంటే మాఘ పూజ, విశాఖ బూచా అంటే వైశాఖ పూజ, ఆసాన్హ బూచా అంటే ఆషాఢ పూజ. నీళ్ళలో దీపాలు వదిలే లోయ్ క్రథోంగ్ వాళ్ళ పన్నెండో నెల పున్నమి, అంటే మన కార్తీక పున్నమి. 2023లో రెండూ నవంబర్ 27నే వచ్చాయి, 2024లో నవంబర్ 15న, 2025లో నవంబర్ 5న. ఇంట్లో పంచాంగం ఉంటే బ్యాంకాక్ పండుగ తేదీ సగం తెలిసినట్టే.

సగమే ఎందుకంటే అధిక మాసం దగ్గర లెక్క తప్పుతుంది. మనకి అధిక మాసం వేర్వేరు నెలలకి వస్తుంటుంది. థాయ్ లెక్కలో అది ఎప్పుడూ ఎనిమిదో నెలకే వస్తుంది, ఆ ఏడాది మాఖ, విశాఖ పూజల్ని ఒక నెల ఆలస్యంగా జరుపుతారు. 2026లో ఇదే జరిగింది. మన మాఘ పున్నమి ఫిబ్రవరి 1, వాళ్ళ మాఖ బూచా మార్చి 3. మన వైశాఖ పున్నమి మే 1, వాళ్ళ విశాఖ బూచా మే 31. జూలై 29న ఆషాఢ పున్నమికి రెండు లెక్కలూ మళ్ళీ కలిశాయి. పంచాంగాన్ని మాత్రమే నమ్ముకుని మే 1కి టికెట్లు తీసుకున్నవాళ్ళు పండుగ లేని ఊరు చూసి రావాల్సిందే. అందుకే పంచాంగంతో నెల తేల్చుకున్నాక, ఆ ఏటి థాయ్ ప్రభుత్వ సెలవుల పట్టికతో రోజు సరిచూసుకోండి. లోయ్ క్రథోంగ్ ప్రభుత్వ సెలవు కాదు కాబట్టి ఆ పట్టికలో కనిపించకపోవచ్చు. దానికి థాయ్ పర్యాటక శాఖ ప్రకటన చూడాలి. 2026లో అది నవంబర్ 24, 25 ప్రాంతంలో వస్తుంది.

ఇక ఆ రాత్రి ఏం చేయాలో చెప్తాను. క్రథోంగ్ అంటే మన అరటి దొప్ప దీపమే, కాస్త ముస్తాబు ఎక్కువ. అరటి బోదెని రెండంగుళాల మందాన గుండ్రంగా బిళ్ళ కోసి, చుట్టూ అరటాకు మడతలు పెట్టి, మధ్యలో పూలు, ఒక కొవ్వొత్తి, మూడు అగరుబత్తులు గుచ్చుతారు. కొందరు ఒక చిల్లర నాణెం, ఒక వెంట్రుక, గోటి ముక్క కూడా పెడతారు, ఏడాది పీడ దాంతో పోతుందని. ఏడాదంతా నీటిని వాడుకున్నందుకు, మురికి చేసినందుకు క్షమించమని ఫ్ర మే ఖోంఖాని వేడుకుంటారు. ఖోంఖా అంటే గంగే. ఈ ఒక్క సంగతి అమ్మగారికి చెబితే చాలు, పండుగ అంతా ఆవిడకి అర్థమైపోతుంది.

కొనేటప్పుడు అడుగుభాగం చూడండి. బోదె బిళ్ళ వెడల్పుగా, సమంగా ఉండాలి. పైన పూల బరువు ఎక్కువై కింద బిళ్ళ చిన్నదైతే, పడవ అల తగలగానే బోల్తా పడుతుంది. ఆకు మడతల్ని గుండుసూదులు, మేకులతో బిగించినవి వద్దు, వెదురు పుల్లలతో గుచ్చినవి అడగండి. ఫోమ్‌వి అసలు ముట్టుకోకండి. చేపలు తింటాయని రొట్టెతో చేసినవీ అమ్ముతారు. పారే నదిలో వాటితో పేచీ లేదు. పార్కు చెరువులో మాత్రం వందల రొట్టెలు ఒకేసారి నానితే చేపలు అంత తినలేవు, మిగిలింది కుళ్ళి నీట్లో ప్రాణవాయువు పడిపోతుంది, తెల్లారేసరికి ఆ చేపలే చచ్చి తేలతాయి. చెరువులో వదిలేటట్టయితే అరటి బోదెదే కొనండి. ఆ రాత్రే నగరపాలక సంస్థ వాళ్ళు పడవల్లో తిరిగి అన్నిటినీ ఏరేసి లెక్కపెడతారు. 2023లో ఆరు లక్షలకు పైగా తేలాయి. ఇంటికి ఒకటి చాలు, మనిషికొకటి అక్కర్లేదు. అక్కడివాళ్ళూ జంటకొకటి, కుటుంబానికొకటి వదులుతుంటారు.

నీళ్ళలో పెట్టే తీరు కూడా ఉంది. కొవ్వొత్తి, అగరుబత్తులు ఒడ్డునే వెలిగించాలి. రెండు చేతులతో నుదుటి దాకా ఎత్తి దండం పెట్టుకుని, మోకరిల్లి, నీటిమట్టానికి చెయ్యి ఆనేంత కిందికి దించి వదలాలి. తర్వాత అరచేత్తో నీటిని వెనక నుంచి మెల్లగా తోస్తే దూరం జరుగుతుంది. ఎత్తు మీద నుంచి జారవిడిస్తే కొవ్వొత్తి ఆరిపోవడం ఖాయం. చావ్ ఫ్రయా నది రేవులు చాలావరకు తేలే పంటులు. పడవ వచ్చి తగిలినప్పుడల్లా ఊగుతాయి. అమ్మగారి మోకాళ్ళకి ఆ ఊగే చెక్క మీద వంగడం మంచిది కాదు. ఆవిడ దండం పెట్టుకుని మీ చేతికిస్తే మీరు వదలండి. కొన్ని రేవుల్లో పొడుగాటి కర్రకి బుట్ట కట్టి దించిపెట్టేవాళ్ళు ఉంటారు, పది ఇరవై బాట్లు ఇస్తే సరిపోతుంది.

ఎక్కడికి వెళ్ళాలంటే, నది ఒడ్డున ఏసియాటిక్, ఐకాన్‌సియామ్, రామా 8 వంతెన కింది పార్కు పేరున్న చోట్లు. వెలుగులు, ఆటపాటలు అక్కడే. జనం కూడా అక్కడే. పెద్దవాళ్ళతో వెళ్ళే మీకు నేను చెప్పేది పార్కు చెరువే. ఏయే పార్కులు రాత్రి దాకా తెరుస్తారో నగరపాలక సంస్థ కొద్ది రోజుల ముందు ప్రకటిస్తుంది. చెరువులో ప్రవాహం ఉండదు, దీపం కళ్ళెదుటే అరగంట తిరుగుతుంది, కూర్చోడానికి బెంచీలుంటాయి. నది చూడాలని మరీ ఉంటే సాయంత్రం అయిదున్నరకే రేవు చేరండి, చీకటి పడగానే వదిలేసి ఎనిమిదిలోపు బయటపడండి. తొమ్మిది దాటాక అందరూ ఒకేసారి కదులుతారు. రేవు దారులు నిండిపోతాయి, టాక్సీలు మీటరు వేయవు. అప్పుడు దగ్గరి స్టేషన్‌కే ఎగబడకుండా, ఒక స్టేషన్ అవతలికి నడిచి రైలెక్కడం మేలు.

ఆకాశంలోకి వేలాది కాగితపు లాంతర్లు లేచే ఫొటోలు చూసి ఉంటారు. అవి బ్యాంకాక్‌వి కావు, ఉత్తరాన ఉన్న చియాంగ్ మాయ్‌లో జరిగే యీ పెంగ్ పండుగవి. బ్యాంకాక్‌లో రెండు పెద్ద విమానాశ్రయాలున్నాయి, లాంతరు ఎగరేస్తే శిక్ష పడుతుంది. ఎవరైనా అమ్మజూపినా తీసుకోకండి.

ఆ రోజుల్లోనే ఇంకోటి కలిసొస్తుంది. వాట్ సాకేత్ అనే గుడి కొండ మీద బంగారు చైత్యం ఉంది, దాని చుట్టూ లోయ్ క్రథోంగ్‌కి అటూ ఇటూ వారం పైగా తిరునాళ్ళు జరుగుతాయి. మొదటి రోజు పొడవాటి ఎర్రబట్టని ఊరేగించి చైత్యం చుట్టూ చుడతారు, ఆ బట్ట మీద జనం ఇంటివాళ్ళ పేర్లు రాస్తారు. ఉత్తర ప్రదేశ్‌లోని పిప్రహ్వాలో 1898లో బయటపడిన బుద్ధుడి ధాతువుల్లో కొన్నిటిని అప్పటి థాయ్ రాజు అయిదో రామకి కానుకగా పంపారు. వాటిని భద్రపరిచింది ఇక్కడే. మెట్లు మూడొందలకు పైగా ఉంటాయి గానీ కొండ చుట్టూ తిరుగుతూ తక్కువ ఎత్తున పోతాయి, మధ్యలో ఆగి కూర్చోవచ్చు. మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళు కూడా మెల్లగా ఎక్కగలిగే దారి ఇది. తిరునాళ్ళ రాత్రి రద్దీలో మాత్రం అమ్మగారిని ఎక్కించకండి, పొద్దున్నే వెళ్ళండి.

రాజకుటుంబంలో సంతాపం ఉన్నప్పుడు పండుగలు ఆపరు కానీ ఆర్భాటం తగ్గిస్తారు. 2025 అక్టోబర్ 24న రాజమాత సిరికిత్ కన్నుమూశాక వచ్చిన లోయ్ క్రథోంగ్ అలాగే నిదానంగా సాగింది. అలాంటప్పుడు బాణసంచా, కచేరీల కోసం వెళితే నిరాశే. దీపం వదలడానికైతే ఆ నిశ్శబ్దమే ఇంకా బాగుంటుంది.

ఇక సోంగ్‌క్రాన్. ఆ పేరు మన సంక్రాంతి. సూర్యుడు మేషంలోకి వచ్చే సంక్రమణం, ఏప్రిల్ 13, 14, 15 తేదీల్లో స్థిరంగా ఉంటుంది. 2023 డిసెంబర్‌లో యునెస్కో సాంస్కృతిక వారసత్వ పట్టికలో చేరింది. దీనికి రెండు ముఖాలు. వీధిలో నీళ్ళ తుపాకులు, సీలోమ్ రోడ్డు, ఖావ్ సాన్ రోడ్డు ఒకటి. ఇంట్లో, గుడిలో జరిగేది ఇంకోటి: పెద్దల అరచేతుల మీద మల్లెలు వేసిన అత్తరు నీళ్ళు పోసి దీవెన అడగడం, బుద్ధుడి విగ్రహానికి అభిషేకం, గుడి ఆవరణలో ఇసుకతో చైత్యాలు కట్టడం. జాతీయ మ్యూజియంలో ఉండే ఫ్ర ఫుత్త సిహింగ్ అనే బుద్ధ విగ్రహాన్ని ఆ పండుగకి బయటికి తెచ్చి జనం చేత నీళ్ళు పోయిస్తారు.

మీకు వద్దనడానికి కారణాలు చెప్తాను. ఎండ 35 డిగ్రీల పైనే. తడి రోడ్డు, జారే పాదం, గుంపు తోపులాట. నీళ్ళు ఎక్కడివో తెలియదు కాబట్టి కళ్ళు ఎర్రబడడం మామూలు. చిన్న హోటళ్ళు, రోడ్డు పక్క బండ్లవాళ్ళు సొంతూళ్ళకి వెళ్ళిపోతారు, శాకాహారం దొరకడం ఇంకా కష్టమవుతుంది. అయినా అప్పుడే వెళ్ళాల్సి వస్తే, 13న పొద్దున్నే ఏడు, ఎనిమిదికల్లా గుడికి వెళ్ళి అభిషేకం చూసి పదిన్నరకి హోటల్‌కి వచ్చేయండి. వీధి నీళ్ళాట ఊపందుకునేది మధ్యాహ్నం నుంచి. ఆడాలనుకునే కుర్రాళ్ళు ఫోన్‌ని నీళ్ళు చొరని సంచీలో పెట్టుకోవాలి. ఆ సంచీని ఇంట్లోనే కాగితం ముక్క పెట్టి నీళ్ళ బకెట్లో పది నిమిషాలు ముంచి పరీక్షించాలి. తెల్లబట్టలు వద్దు. కళ్ళకి అద్దాలు పెట్టుకోవాలి. పాస్‌పోర్టు హోటల్‌లోనే ఉంచాలి. రైలు స్టేషన్‌లోకి వెళ్ళే ముందు తుపాకీలో నీళ్ళు వంపేయాలి. భిక్షువుల మీద, ముసలివాళ్ళ మీద, ద్విచక్ర వాహనం నడిపేవాళ్ళ మీద నీళ్ళు కొట్టకూడదు. ఈ చివరిది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ వారం దేశమంతా రోడ్డు ప్రమాదాలు బాగా పెరుగుతాయి, వాటిని ‘ఏడు ప్రమాదకర దినాలు’ అనే పిలుస్తారు.

అక్టోబర్ కూడా మీకు ఆలోచించదగ్గ నెలే, నాన్నగారి భోజనం వల్ల. చైనా లెక్కలో తొమ్మిదో నెల మొదటి తొమ్మిది రోజులు ‘కిన్ జే’ పండుగ. చైనాటౌన్ యావరాత్ వీధి నిండా పసుపు జెండాలు, వాటి మీద ఎర్రగా ‘జే’ అని థాయ్ అక్షరం. ఆ జెండా ఉన్న బండి దగ్గర మాంసం, చేప, గుడ్డు, పాలు ఉండవు. ఉల్లి, వెల్లుల్లి కూడా ఉండవు. సీలోమ్ రోడ్డులో తమిళులు 19వ శతాబ్దంలో కట్టిన శ్రీ మహా మారియమ్మన్ గుడి ఉంది, అక్కడివాళ్ళు వాట్ ఖేక్ అంటారు. అక్కడ నవరాత్రులు పెద్ద ఎత్తున జరుగుతాయి. విజయదశమి రాత్రి అమ్మవారి ఊరేగింపుకి సీలోమ్ రోడ్డు మూసేస్తారు. దారి పొడవునా థాయ్ కుటుంబాలు బంతిపూలు, కొబ్బరికాయలతో బల్లలు వేసుకుని కాచుకుని ఉంటాయి. వాళ్ళ భక్తి చూసి తీరాల్సిందే. 2023, 2024లో కిన్ జే, నవరాత్రులు ఇంచుమించు అవే రోజుల్లో వచ్చాయి. 2025లో చైనా లెక్కలో అధిక మాసం పడి కిన్ జే అక్టోబర్ 21కి జరిగింది, దసరా అక్టోబర్ 2నే అయిపోయింది. రెండూ కలిసే ఏడాది చూసుకుని వెళితే నాన్నగారికి అంతకంటే మంచి వారం ఉండదు. వానలు మాత్రం పూర్తిగా తగ్గవు. సాయంత్రం జడివాన వచ్చి గంటలో వెలుస్తుంది.

పండుగ లేని రోజుల్లో భోజనం ఎలాగో కాస్త వివరంగా చెప్పాలి, తేడా కొట్టేది ఎక్కువగా ఇక్కడే. ‘వెజిటబుల్’ అని అడిగితే కూరగాయలు వేస్తారు, నిజమే. కానీ రుచి కోసం వేసే నామ్ ప్లా చేపల నుంచి తీసిన పులుసు, మన ఉప్పు స్థానంలో అదే. ఆకుపచ్చ కూర, ఎర్ర కూరల ముద్దలో రొయ్యల ముద్ద ముందే నూరి ఉంటుంది. అందులో టోఫు వేసినా అది శాకాహారం కాదు, వంటవాడు తీసేద్దామన్నా తీయలేడు. బొప్పాయి సలాడ్‌లో, పాడ్ థాయ్‌లో ఎండు రొయ్యలు వేస్తారు. కాబట్టి వాడాల్సిన మాట ‘జే’. ‘కిన్ జే’ అంటే నేను జే తింటాను అని. ‘మాంగ్‌సవిరత్’ అని ఇంకో మాట ఉంది, మన ‘మాంసవిరతి’యే. కానీ ఆ మాటకి గుడ్డు, పాలు చెల్లుతాయి, గుడ్డు తినని నాన్నగారికి అది చాలదు. ‘మాయ్ సాయ్ ఖాయ్’ అంటే గుడ్డు వేయొద్దు, ‘మాయ్ సాయ్ నామ్ ప్లా’ అంటే చేప పులుసు వేయొద్దు. ఈ రెండూ థాయ్ లిపిలో ఫోన్‌లో రాయించి పెట్టుకుని చూపించండి, ఉచ్చారణ తప్పితే అర్థం మారిపోయే భాష అది. మన తిండే కావాలంటే చైనాటౌన్ పక్కనే పహురత్ ఉంది, సామ్ యోట్ మెట్రో స్టేషన్‌లో దిగాలి. మామిడిపండుతో పెట్టే జిగట అన్నంలో బియ్యం, కొబ్బరిపాలు, పంచదార, ఉప్పే ఉంటాయి, నిశ్చింతగా తినవచ్చు.

చూడాల్సినవాటిలో మొదటిది రాజప్రాసాదం. 1782లో మొదటి రామ రాజధానిని ఇక్కడికి మార్చినప్పుడు కట్టడం మొదలుపెట్టారు. టికెట్టు 500 బాట్లు, ఉదయం ఎనిమిదిన్నర నుంచి మధ్యాహ్నం మూడున్నర దాకా ఇస్తారు. ఎనిమిదిన్నరకే గేటు దగ్గర ఉండండి. తొమ్మిదిన్నర దాటితే టూర్ బస్సులు దిగుతాయి, పదకొండుకి నేల కాలుతుంది. భుజాలు, కాళ్ళు కప్పి ఉండాలి. చీర, చుడీదార్, పొడుగు ప్యాంటు బాగానే ఉంటాయి. చేతుల్లేని జాకెట్టు, షార్టు, ఒంటికి అతుక్కున్న లెగ్గింగు ఒప్పుకోరు. మరకత బుద్ధుడి గుడిలోకి చెప్పులు వదిలి వెళ్ళాలి, లోపల ఫొటోలు తీయకూడదు. విగ్రహం 66 సెంటీమీటర్లే, చాలా ఎత్తున ఉంటుంది. దూరం నుంచి చూసి ఇంతేనా అనుకోవద్దని అమ్మానాన్నలకి ముందే చెప్పండి. వేసవి, వాన, చలి కాలాలకి మూడు రకాల బంగారు వస్త్రాలున్నాయి, రాజుగారే వచ్చి మారుస్తారు. చలికాలపు వస్త్రం మార్చేది పన్నెండో నెల పున్నమి మర్నాడు, అంటే లోయ్ క్రథోంగ్ తెల్లారి. ఆ రోజు సందర్శకుల్ని ఆపవచ్చు. రాజప్రాసాదాన్ని పండుగ ముందు రోజుకే పెట్టుకోండి.

అక్కడ చాలామంది పట్టించుకోకుండా దాటిపోయేది గుడి చుట్టూ ఉన్న మండపం గోడలు. మొత్తం 178 చిత్రాలలో రామకియెన్, అంటే థాయ్ రామాయణం. ఉత్తరపు గోడ మధ్యలో మొదలుపెట్టి ప్రదక్షిణగా చూసుకుంటూ పోవాలి. మొదటి చిత్రంలో జనకుడు నాగలి దున్నుతూ సీతని కనుగొంటాడు. ఆకుపచ్చ ఒంటి మనిషి రాముడు, బంగారు రంగు లక్ష్మణుడు, తెల్లని కోతి హనుమంతుడు. తోత్సకన్ అంటే దశకంఠుడు. మన కథలో లేనివీ ఉన్నాయి. వారధి కడుతుంటే రావణుడి కూతురు, సువన్నమచ్ఛ అనే మత్స్యకన్య, రాళ్ళు లాగేస్తుంది. హనుమంతుడు ఆవిడ మీద మనసు పడతాడు. మన పెద్దవాళ్ళు ఇక్కడ ఉలిక్కిపడతారు, అది వాళ్ళ కథనం అని ముందే చెప్పడం మంచిది. నీడలో నడుస్తూ చూసే చోటు కాబట్టి ఎండ ముదిరాక ఇక్కడికి చేరేలా చూసుకోండి.

గేటు బయట మర్యాదగా ఉన్న మనిషి ఎవరైనా వచ్చి ‘ఈ రోజు ప్రాసాదం మూసేశారు, ఇరవై బాట్లకి టుక్‌టుక్‌లో వేరే గుళ్ళు చూపిస్తా’ అంటే ఆగకండి. చివరికి రత్నాల దుకాణానికే తీసుకెళ్తాడు. మూసేశారో లేదో టికెట్టు కిటికీ దగ్గరే తెలుస్తుంది.

పక్కనే వాట్ ఫో. శయన బుద్ధుడు 46 మీటర్ల పొడవు, 15 మీటర్ల ఎత్తు. అరికాళ్ళ మీద ముత్యపుచిప్పతో 108 శుభచిహ్నాలు పొదిగారు. వెనక వరసలో 108 కంచు గిన్నెలుంటాయి, చిల్లర కొనుక్కుని ఒక్కో నాణెం వేసుకుంటూ పోవాలి. ఆ చప్పుడు హాలంతా వినిపిస్తుంది. అమ్మగారికి ఇది నచ్చుతుంది. అక్కడి నుంచి తా తియెన్ రేవులో పడవ ఎక్కితే కొద్ది బాట్లకే నది దాటి వాట్ అరుణ్. అరుణుడి పేరే. మెట్లు చాలా నిటారు, అమ్మగారు ఎక్కనక్కర్లేదు. కింద నిలబడి పింగాణీ ముక్కలు అతికిన పనితనం దగ్గరగా చూస్తే చాలు. నిజానికి ఆ గోపురం సాయంత్రం ఇవతలి ఒడ్డు నుంచి చూస్తేనే అందం. ఈ మూడూ ఒకే రోజు పెట్టుకోమని చాలామంది రాస్తారు. మీరు రెండు పూటలకి విడగొట్టండి: ఒక పొద్దున ప్రాసాదం, ఇంకో పొద్దున వాట్ ఫో, నది దాటడం.

చాతుచక్ సంత మొత్తంగా తెరిచి ఉండేది శని, ఆదివారాల్లోనే. 27 విభాగాలుంటాయి. నచ్చిన వస్తువు కనిపిస్తే విభాగం, సందు నంబరు ఫొటో తీసుకోండి, మళ్ళీ వెతుక్కోవడం దాదాపు అసాధ్యం. పడవల్లో సరుకులు అమ్మే తేలే సంతల్లో పేరున్నది డామ్నోన్ సాదువాక్, అది ఊరికి వంద కిలోమీటర్లు. పెద్దవాళ్ళని అంత దూరం లాగక్కర్లేదు, శని ఆదివారాల్లో ఊళ్ళోనే ఖ్లోంగ్ లాట్ మాయోమ్ చాలు. సావో చింగ్ చా అనే ఎర్ర ఉయ్యాల స్తంభాల పక్కన దేవస్థాన్ అని చిన్న బ్రాహ్మణ ఆలయం ఉంది, 1784 నాటిది. జనవరి ప్రాంతంలో అక్కడి రాజపురోహితులు త్రియంపవాయ్, త్రిపవాయ్ అనే క్రతువులు చేస్తారు. తిరువెంపావై, తిరుప్పావై పేర్లే అవి. మేలో సనామ్ లువాంగ్ మైదానంలో రాజ ఏరువాక జరుగుతుంది. ఎద్దుల ముందు వరి, మొక్కజొన్న, పప్పు, నువ్వులు, సారా, నీళ్ళు, గడ్డి ఏడూ పెట్టి అవి ఏది ముడితే దాన్నిబట్టి ఆ ఏటి పంట చెప్తారు. మే ఎండ భరించగలిగినవాళ్ళకే ఇది.

మాఖ, విశాఖ, ఆసాన్హ రోజుల్లో వెళ్ళినవాళ్ళు సాయంత్రం ఏ గుడిలోనైనా వియెన్ తియెన్‌లో కలవవచ్చు: తామరమొగ్గ, మూడు అగరుబత్తులు, కొవ్వొత్తి పట్టుకుని మూడు ప్రదక్షిణలు. ముందువాళ్ళ జుట్టుకి, చీరకొంగుకి మంట తగలకుండా చెయ్యి చాపినంత దూరం ఉంచుకోండి. ఆ రోజుల్లో దుకాణాల్లో మద్యం అమ్మరు.

వెళ్ళే ముందు చేయాల్సినవి కొన్ని ఉన్నాయి. థాయ్ డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే 1 నుంచి తప్పనిసరి, దిగడానికి మూడు రోజుల లోపు ఆన్‌లైన్‌లో నింపాలి. అది ఉచితం. డబ్బులు అడిగే సైటు ఏదైనా ప్రభుత్వానిది కాదు, మూసేయండి. వీసా నిబంధనలు మారుతుంటాయి, టికెట్లకి ముందు రాయబార కార్యాలయం సైటులో చూసుకోండి. ఇ-సిగరెట్ అక్కడ నిషిద్ధం, సంచీలో కూడా ఉండకూడదు. రాజకుటుంబం గురించి ఎవరితోనూ వ్యాఖ్యలు చేయకండి, చట్టం చాలా కఠినం. ఉదయం ఎనిమిదికి, సాయంత్రం ఆరుకి స్టేషన్లలో జాతీయగీతం వినిపిస్తే నిలబడిపోండి.

బస నది దగ్గర తీసుకోకండి, పండుగ రాత్రి ఆ దారులే మూసుకుపోతాయి. సీలోమ్, సాలా డేంగ్ ప్రాంతం తీసుకుంటే పైన బీటీఎస్ రైలు, కింద ఎమ్మార్టీ రైలు రెండూ నడక దూరంలో ఉంటాయి, లుంపినీ పార్కు కూడా అక్కడే. రెండు రైళ్ళకీ టికెట్లు వేరు వేరు, ఒకదాని కార్డు రెండోదానికి పనిచేస్తుందనుకోకండి. సువర్ణభూమి విమానాశ్రయం నుంచి ఫయా తాయ్ దాకా రైలుకి 45 బాట్లు, అరగంట లోపే. సామాను, అమ్మానాన్నలు ఉన్నారు కాబట్టి వెళ్ళేటప్పుడు మీటరు టాక్సీయే సుఖం, లోపల వరసలో చీటీ తీసుకుని ఎక్కండి. పర్యాటక పోలీసు నంబరు 1155, అమ్మానాన్నల ఫోన్లలో కూడా వేసిపెట్టండి.